పుట్టిన ఊరి గడిలో ఏమి రాయాలి? రైల్వే మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రైల్వే శాఖ మంత్రి గారికి,

గుంటూరు నుంచి నమస్కారాలతో రాస్తున్నాను.

నేను పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. వరదలో కొట్టుకుపోలేదు, ఏ ప్రాజెక్టు కిందా మునగలేదు. నాగార్జునసాగర్ జలాశయం కింద మునిగిన ఊళ్లకు పరిహారపు కాగితాల్లోనైనా పేరు మిగిలింది. మా ఊరికి అదీ లేదు. గుంటూరు నుంచి గుంతకల్లు వెళ్లే పాత మీటరు గేజి (చిన్న లైను) దారి మీద అదొక స్టేషను, దాని చుట్టూ పెరిగిన చిన్న బజారు, మూడు వరుసల క్వార్టర్లు. దాని పేరు మీ కార్యాలయానికి పంపిన ప్రతిలో రాశాను. ఇక్కడ కావాలనే రాయడం లేదు. పేరు రాస్తే ఇది ఒక్క ఊరి గొడవ అవుతుంది. అలాంటి ఊళ్లు ఆ దారి మీద ఇంకా ఉండేవి. ఇది చదివేవాళ్లలో కొందరైనా తమ ఊరిని తలుచుకుంటారని నా నమ్మకం.

ఈ లేఖకు కారణం ఒక దరఖాస్తు. ఒక పత్రం సరిచేయించుకోవడానికి కిందటి సంవత్సరం ఒక కార్యాలయానికి వెళ్లాను. పుట్టిన ఊరు అనే గడి దగ్గర పని ఆగిపోయింది. కంప్యూటర్‌లో జిల్లా ఎంచుకోవాలి, తర్వాత మండలం, తర్వాత గ్రామం. నా ఊరు ఆ వరుసలో ఎక్కడా రాలేదు. అక్కడి గుమస్తా ఓపికగానే వెతికాడు. "ఈ పేరుతో రెవెన్యూ గ్రామం లేదమ్మా" అన్నాడు. పాత రైల్వే కాగితాలు దొరుకుతాయేమోనని మరోచోటికి వెళ్లాను. అక్కడి పెద్దమనిషి నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చి, "స్టేషనే ఎత్తేశాక ఫైలు ఎక్కడుంటుందమ్మా" అన్నాడు. ఇద్దరిలో ఎవరినీ తప్పు పట్టను. చివరికి, నేను ఒక్క రాత్రి కూడా పడుకోని పక్క గ్రామం పేరు రాసి సంతకం పెట్టి వచ్చాను. అరవై తొమ్మిదో ఏట నా పుట్టిన ఊరు మారిపోయింది.

ఆ రోజు ఇంటికి వచ్చి చాలాసేపు ఆలోచించాక ఒక సంగతి తట్టింది. మా ఊరు ఏనాడూ ఊరుగా ఏ కాగితంలోకీ ఎక్కలేదు. పంచాయతీ లేదు, కరణం లేడు. నేల రైల్వేది, ఇళ్లు రైల్వేవి, నీళ్లు రైల్వేవి. ఓటు వేయడానికి పెద్దలు మూడు మైళ్లు నడిచి పక్క గ్రామానికి వెళ్లేవారు. స్టేషనుకు పెట్టిన పేరు కూడా ఆ గ్రామం నుంచి తెచ్చుకున్నదే, పలుకుబడిలో కొంచెం అరిగి మరో పేరయింది. అలాంటి చోటు ఒకటి ఉండేదని చెప్పగలిగే కాగితం ఈ దేశంలో ఒక్క రైల్వే దగ్గరే ఉండాలి. అందుకే ఈ లేఖ కలెక్టరు గారికి కాక మీకు రాస్తున్నాను.

ఆ దారి ఎందుకు పుట్టిందో మీకు నేను చెప్పనక్కర లేదు. అయినా ఈ లేఖ చదివే పిల్లల కోసం చెబుతాను. అది కరువు వేయించిన దారి. 1832-33లో వచ్చిన నందన కరువును ఇప్పటికీ గుంటూరు కరువు అనే అంటారు. తర్వాత 1876-78లో ధాత కరువు వచ్చింది. గింజలు ఉన్న చోటి నుంచి లేని చోటికి తీసుకెళ్లడానికి బండ్లు లేవు, బండ్లు ఉన్నా లాగే ఎడ్లు మేత లేక చచ్చిపోయాయి. 1880లో కరువు కమిషన్ రైలు మార్గాలు వేయాలని గట్టిగా చెప్పింది. బళ్లారి నుంచి కృష్ణ ఒడ్డుకు దారి వేయాలన్న నిర్ణయం ఆ వేడిలోంచి వచ్చింది. ఆ దారి మీద బండ్లు నడిపింది సదరన్ మరాఠా రైల్వే. నల్లమల అడవి దాటించడానికి బొగద దగ్గర కొండను తొలిచారు, దొరబావి దగ్గర లోయ మీద ఇనుప స్తంభాలు నిలబెట్టి ఎత్తైన వంతెన కట్టారు. కాబట్టి ఆ పట్టాలు ముందుగా మోయాల్సింది మనుషులను కాదు, గింజలను. మా నాయన ఈ మాట ఎప్పుడూ గర్వంగా చెప్పేవాడు. తను కరువు లైను మీద పనిచేస్తున్నానని ఆయనకు తెలుసు.

మరి అడవికీ ఊరికీ కాని ఆ చోట ఊరు ఎందుకు మొలిచింది? నీళ్ల కోసం. ఆవిరి ఇంజనుకు బొగ్గు కంటే ముందు నీళ్లు అయిపోతాయి. అందుకని కొన్ని స్టేషన్లకు ఒకటి చొప్పున నీళ్ల స్టేషను ఉండాలి. మా చోట భూమిలో నీళ్లు పడ్డాయి. రాతి కట్టుబడితో పెద్ద బావి తవ్వారు, పంపు గది కట్టారు, నాలుగు రాతి స్తంభాల మీద ఇనుప టాంకు ఎక్కించారు. బావి పడింది కాబట్టి బండి ఆగింది, బండి ఆగింది కాబట్టి ఊరు నిలిచింది.

టాంకు నుంచి పట్టాల పక్కకు వచ్చే నీళ్ల గొట్టాన్ని పిల్లలం ఏనుగు అనేవాళ్లం. ఇంజను వచ్చి దాని కింద ఆగేది. ఫైర్‌మన్ పైకెక్కి తొండం తిప్పి ఇంజను వెనక తొట్టిలోకి వదిలేవాడు. నిండాక పొర్లిన నీళ్లు పట్టాల మధ్య కాలువ కట్టేవి. వేసవిలో చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ఆ వేళకు వచ్చి నిలబడేవారు. తొట్టి నిండినా ఫైర్‌మన్ ఇంకాసేపు గొట్టం కట్టేసేవాడు కాదు. అది నిబంధనలకు విరుద్ధం. స్టేషన్ మాస్టరు గారు ఆ కాసేపూ టిక్కెట్ల గదిలోకి వెళ్లి ఏదో వెతుక్కునేవారు. ఎన్ని బిందెలు అలా నిండాయో ఏ లెక్కలోనూ ఉండదు. ఆ వేసవుల్లో కొన్ని పల్లెలు ఆ నీళ్లే తాగాయి.

మా నాయన బండ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. సందె వేళ కిరసనాయిలు దీపాలు తుడిచి, ఒత్తులు సరిచేసి, ఒక్కో సిగ్నలు స్తంభం ఎక్కి పెట్టి వచ్చేవాడు. వానొచ్చినా గాలొచ్చినా ఆ పని ఆగదు. ఆగకుండా వెళ్లే బండ్లకు టోకెన్ అందించే పని కూడా ఒక్కోసారి ఆయన మీదే పడేది. ఒంటి దారి కాబట్టి ముందు స్టేషను దాకా పట్టాలు మీవే అని చెప్పే ఇనుప బంతి డ్రైవరు చేతిలో ఉంటేనే బండి కదలాలి. ఆ బంతిని తోలు సంచిలో పెట్టి, సంచిని పెద్ద బెత్తపు చక్రానికి కట్టి, పరుగెత్తే ఇంజనుకు అందేలా చెయ్యి చాచి నిలబడాలి. అదే క్షణంలో వెనక స్టేషను నుంచి తెచ్చిన చక్రాన్ని వాళ్లు కిందికి విసురుతారు. రాత్రివేళ అయితే దివిటీ వెలుగులో ఈ పని. మా నాయన కుడి ముంజేయి ఎప్పుడూ కమిలి ఉండేది. అమ్మ ఆముదం రాస్తూ, "ఆ బండిని కాస్త మెల్లగా పోనివ్వమని చెప్పరాదూ" అనేది. మెయిలు మెల్లగా పోతే అది మెయిలు ఎట్లా అవుతుందని ఆయన సమాధానం.

క్వార్టర్లలో ఎన్ని భాషలు వినిపించేవో! హుబ్లీ వైపు నుంచి వచ్చిన గార్డు గారింట్లో కన్నడం, గుడ్స్ గుమస్తా గారింట్లో తమిళం, పట్టాలు బాగుచేసే గ్యాంగు మనుషుల ఇళ్లలో పల్నాటి తెలుగు. గార్డు గారి భార్య జొన్న రొట్టె చేస్తే మా ఇంటికి ఒకటి వచ్చేది, మా గోంగూర పచ్చడి అటు వెళ్లేది. ఇంజను సిబ్బంది దిగి విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూం ఉండేది. దానికో వంటమనిషి. అర్ధరాత్రి అపరాత్రి అనకుండా వెళ్లి, ఫలానా బండికి మీ వంతు అని లేపి, పుస్తకంలో సంతకం పెట్టించుకునే కుర్రవాడొకడు. అతణ్ని కాల్ బాయ్ అనేవారు. మా ఊరి పిల్లలకు గడియారం అతనే. అతని లాంతరు ఏ క్వార్టరు ముందు ఆగిందో చూసి ఏ బండి వస్తుందో చెప్పేవాళ్లం.

నెలకోసారి జీతాల బండి వచ్చేది. ఇనుప పెట్టె, దాని పక్కన కాపలా, బల్ల వెనక పే క్లర్కు. వేలిముద్రలు వేసేవాళ్లు ఒక వరుస, సంతకాలు పెట్టేవాళ్లు ఒక వరుస. ఆ మర్నాడే మా సంత. నరసరావుపేట నుంచి బట్టల మూటలు వచ్చేవి, వినుకొండ వైపు నుంచి అప్పులవాళ్లు వచ్చేవారు. మొదట ఒక టీ కొట్టుతో మొదలైన బజారు, నాకు ఊహ తెలిసేసరికి ఒక మెస్సు, మంగలి, దర్జీ, సైకిలు షాపు, రెండు కమీషను దుకాణాలు, ఒక తపాలా పెట్టెగా పెరిగింది. మిరపకాయ బస్తాలు, వేరుశనగ బస్తాలు గూడ్స్ షెడ్డులో కప్పు దాకా పేరుకునేవి. ఆ ఘాటుకు పిల్లలం తుమ్ముకుంటూనే వాటి మీద ఎక్కి ఆడుకునేవాళ్లం. గ్యాంగు మనుషులు చందాలు వేసుకుని ఒక రామాలయం కట్టారు. దానికి దూలాలు అరిగిపోయిన పాత పట్టాలు.

ఇంత చెప్పడం దేనికంటే, మీ శాఖ పుస్తకాల్లో ఒక స్టేషను ఎత్తివేత ఒక్క పంక్తి. కింద ఏముందో ఆ పంక్తిలో కనిపించదు.

మా ఊరు ఒక్కసారిగా పోలేదు. డీజిల్ ఇంజను వచ్చినప్పుడు మొదట పోయింది నీటి అవసరం. అప్పటికి నేను చదువు కోసం గుంటూరు వచ్చేశాను. సెలవులకు వెళ్తే బండి ఆగే సమయం తగ్గిందనిపించేది, అంతే. పంపు డ్రైవరును వేరే చోటికి మార్చారు. ఇంజన్లు ఎక్కువ దూరం ఆగకుండా వెళ్తున్నాయి కాబట్టి సిబ్బంది మారే చోటు కూడా మారింది. రన్నింగ్ రూం మూసేశారు. వంటమనిషి వెళ్లిపోయాడు, అతనికి పెరుగు పోసే ముసలమ్మ రావడం మానేసింది, మెస్సు ఒక పూటకు తగ్గి తర్వాత మూతపడింది. సంతకు వచ్చే మూటలు తగ్గాయి. ఒక్కో ఉద్యోగం వెనక రెండు మూడు బతుకులు ఉండేవి. అవి రైల్వే జీతాల పట్టీలో ఉన్నవి కావు కాబట్టి వాటికి బదిలీ ఉత్తర్వులు రాలేదు.

చివరి దెబ్బ గేజి మార్పిడి. మీటరు గేజి అంటే పట్టాల మధ్య 1,000 మిల్లీమీటర్లు, బ్రాడ్ గేజి 1,676 మిల్లీమీటర్లు. ఆ 676 మిల్లీమీటర్ల తేడా వల్లే సరుకంతా ఒక బండిలోంచి దించి మరో బండిలోకి ఎక్కించాల్సి వచ్చేది. హమాలీల నడుము విరిగేది, బస్తాలు చినిగేవి, రోజులు గడిచేవి. 1992లో దేశమంతా ఒకే గేజి అన్న పథకం మొదలైంది. ఆ దశకంలోనే మా దారి మీదా చిన్న లైను పోయి పెద్ద లైను వచ్చింది. అది మంచి పనే. ఈ రోజు గుంటూరు నుంచి బండి దిగకుండా ఎక్కడెక్కడికో వెళ్తున్నామంటే అందుకే. ఆ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. కానీ పెద్ద లైను వేసేటప్పుడు వంపులు సరిచేశారు. నల్లమలలో దొరబావి వంతెననూ పాత సొరంగాన్నీ విడిచిపెట్టి వేరే దారి తీశారు. మా దగ్గర కూడా ఒక వంపు తీసేశారు. కొత్త పట్టాలు కిలోమీటరు అవతల నుంచి వెళ్లాయి. ఆ కొత్త దారి మీద మా స్టేషనుకు చోటు దొరకలేదు.

క్వార్టర్లు కూల్చి తలుపులు, కిటికీలు, ఇటుకలు వేలం వేశారని తెలిసినప్పుడు మా నాయన ఉద్యోగ విరమణ చేసి నా దగ్గరే ఉన్నాడు. రోజూ సాయంత్రం బ్రాడీపేట నుంచి నడుచుకుంటూ వెళ్లి శంకర్‌విలాస్ వంతెన మీద నిలబడి బండ్లు చూసి వచ్చేవాడు. ఆ వార్త విన్న మర్నాడు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి ఊరికి వెళ్లాడు. చీకటి పడ్డాక తిరిగొచ్చి కాళ్లు కడుక్కుని, "వేపచెట్టు కొట్టలేదు" అన్నాడు. ఆ తర్వాత ఆ ఊరి సంగతి ఆయన నోట మళ్లీ రాలేదు.

దొనకొండను చూడండి. అక్కడ ఆవిరి ఇంజన్ల షెడ్డు ఉండేది, ఒకప్పుడు పెద్ద రైల్వే ఊరు. ఆవిరి పోయాక ఆ వైభవం పోయింది. కానీ దొనకొండ మండల కేంద్రం, దానికి రెవెన్యూ రికార్డు ఉంది, మనుషులు ఉన్నారు, పేరు ఉంది. మార్కాపురం రోడ్డు స్టేషనుకు వెనక మార్కాపురం పట్టణం ఉంది. వెనక ఏ ఊరూ లేని, రైలు తప్ప మరో ఆధారం లేని చోట్లు మాత్రమే పూర్తిగా చెరిగిపోయాయి. వాటిని గుర్తుపెట్టుకునే బాధ్యత ఇంకెవరికీ అప్పగించలేం.

కాగితాలు ఎందుకు దొరకవో నాకు అర్థమవుతుంది. ఆ దారి ఎన్ని చేతులు మారింది! సదరన్ మరాఠా రైల్వే 1908లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయింది. 1951లో దక్షిణ రైల్వే వచ్చింది, 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది, 2003లో గుంటూరు డివిజన్ వచ్చింది. ఇప్పుడు విశాఖపట్నం కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే వంతు. ఇలా చేయి మారిన ప్రతిసారీ కొన్ని కట్టలు అటూ ఇటూ అయి ఉంటాయి, కొన్ని గడువు తీరాయని తగలబడి ఉంటాయి. మళ్లీ చేయి మారే వేళ కాబట్టే ఇప్పుడే అడుగుతున్నాను.

స్టేషను తిరిగి తెరవమని అడగడం లేదు. అక్కడ దిగే మనిషి లేడు. నేను అడిగేది ఒక జాబితా. గుంటూరు డివిజన్ పరిధిలో ఎత్తివేసిన ప్రతి స్టేషను, హాల్టు, క్వార్టర్ల కాలనీ పేరు, ఎప్పుడు తెరిచారు, ఎప్పుడు మూశారు, సరిగ్గా ఎక్కడ ఉండేది, ఇప్పుడు ఆ నేల ఏ రెవెన్యూ గ్రామంలో ఉంది, ఇవన్నీ ఒకచోట తెలుగులో రాసి, అడిగినవారికి సంతకంతో ధ్రువపత్రం ఇచ్చేలా చేయండి. ఆ చోట్లలో పుట్టినవాళ్లం, పనిచేసినవాళ్లం ఇంకా బతికి ఉన్నాం. క్వార్టర్ల నక్షాలు, పాత భూమి పటాలు, హాజరు పట్టీలు మిగిలి ఉన్నవి మిగిలినట్టే గుంటూరులో ఒక గదిలోకి చేర్చండి. గది చిన్నదైనా ఫరవాలేదు. పాత స్టేషను పుస్తకాలు చదవడం తెలిసినవాళ్లు, బంతి టోకెన్ యంత్రం ఎలా తిప్పాలో చూపించగలిగినవాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు. ఎనభై దాటిన వాళ్లే ఎక్కువ. వాళ్లను ఒకసారి పిలిపించి కూర్చోబెట్టి చెప్పించుకోండి.

ఇంకొక మాట, కొత్త లైన్ల గురించి. నడికుడి నుంచి శ్రీకాళహస్తి దాకా కొత్త లైను పని నడుస్తోంది. ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకు 57 కిలోమీటర్ల లైనుకు 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. వాటి మీద స్టేషన్లు వస్తాయి, వాటి చుట్టూ టీ కొట్లు, ఇళ్లు, పిల్లలు వస్తారు. ఆ పిల్లలు పుట్టిన చోటుకు మొదటి రోజు నుంచే రెవెన్యూ పుస్తకంలో ఒక పేరు ఉండేలా రాష్ట్ర ప్రభుత్వంతో మాట్లాడండి. అది ఖర్చు లేని పని.

ఈ లేఖకు తొందర ఎందుకో చెప్పి ముగిస్తాను. రెండు నెలల కిందట మా అబ్బాయి కారులో ఊరికి వెళ్లాను. గుంటూరు-గుంతకల్లు దారిని రెండు వరుసలు చేసే పని సాగుతోంది కదా, ఆ సామాను దింపడానికి పాత స్టేషను నేలను చదును చేస్తామని అక్కడ పనిచేస్తున్న కుర్రవాళ్లు చెప్పారు. సర్కారు తుమ్మ మధ్యలో ప్లాట్‌ఫారం అంచు రాళ్లు ఇంకా ఉన్నాయి. టాంకును మోసిన నాలుగు రాతి స్తంభాలూ ఉన్నాయి, వాటి మీద ఎర్ర రంగుతో ఏవో అంకెలు వేశారు. బావిలో చెత్త పోశారు. అయినా అడుగున నీళ్లు కనిపించాయి. రామాలయంలో మేకల కాపరులు దీపం పెడుతున్నారు, పట్టాల దూలాలు చెక్కుచెదరలేదు. వేపచెట్టు ఉంది. చదును చేసేలోగా ఒక్క మనిషిని కొలత టేపుతో, కెమెరాతో అక్కడికి పంపండి. దారి చూపించడానికి నేను వస్తాను. ఏ క్వార్టరు ఎక్కడ ఉండేదో, సిగ్నలు ఎక్కడ ఉండేదో, జీతాల బల్ల ఎక్కడ వేసేవారో నేల మీద నిలబడి చూపించగలను.

నమస్కారాలతో,
రైల్వే క్వార్టరులో పుట్టిన ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
బ్రాడీపేట, గుంటూరు.